సీసమా, రాగియా?

1857లో మన సిపాయిల చేతికిచ్చిన ఎన్‌ఫీల్డ్ గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకి. ఆనాటి తగాదా తూటా కాగితానికి పూసిన కొవ్వుపై. అదే జాతి తుపాకితో అమెరికాలో నేటికీ జింకలను వేటాడుతారు. అక్కడి తగాదా గుండు లోహంపై.

ఒకసారి పేల్చాక మళ్లీ దట్టించేలోగా జింక ఆగదు. అందుకే గుండు ఎంపికపై అంత పట్టింపు. గుడ్డపేలికలో చుట్టిన సీసపు గోళం పాత పద్ధతి. అర అంగుళపు గొట్టానికి సరిపడేది సుమారు పదకొండున్నర గ్రాములుంటుంది. గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది గనుక దగ్గరి దూరానికే నమ్మదగింది. శంఖాకారపు గుండు లోతుగా దిగుతుంది, భుజాన్ని గట్టిగా తంతుంది. ప్లాస్టిక్ తొడుగులో ఇమిడ్చిన సన్నని గుండు ఇంకా దూరం పోతుంది. అయితే ఏ గొట్టానికి ఏ గుండు అన్నది లోపలి మెలి గాడులే తేలుస్తాయి: గోళానికి నిదానపు మెలి, పొడవాటి గుండుకు బిగువు మెలి.

2008లో నార్త్ డకోటా ఆరోగ్య శాఖ, పేదలకు దానమిచ్చిన వేటమాంసపు కీమాలో సీసపు తునకలున్నాయని పారవేయమంది. ఈ పాతకాలపు తుపాకుల గుండ్లు మందకొడివి. వేగపు రైఫిలు గుండ్ల కన్నా తక్కువ చిట్లుతాయి. తక్కువే, బొత్తిగా చిట్లకుండా ఉండవు. అడవిలో వదిలేసిన పేగులను గద్దలు తింటాయి, ఇంటికి తెచ్చిన మాంసాన్ని పిల్లలు తింటారు.

కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది. కేంద్రంలో ఒబామా ప్రభుత్వం దిగిపోయే ముందురోజు, 2017 జనవరి 19న, వన్యప్రాణి ఆశ్రయాల్లో సీసం వాడకాన్ని దశలవారీగా ఆపాలని ఉత్తర్వు వెలువడింది. మార్చి 2న కొత్త మంత్రి ర్యాన్ జింకీ దాన్ని రద్దుచేశారు. ఉత్తర్వు ఆయుష్షు ఆరు వారాలు! ప్రభుత్వం మారితే విషం విషం కాకుండా పోతుందన్నమాట.

వేటగాడి ఇబ్బందిని మాత్రం కొట్టిపారేయలేం. రాగి గట్టిది, తేలిక, ఖరీదైనది. ఇంట్లో కరిగించి పోతపోసుకునేందుకు సీసమంత సులువు కాదు. రాగి గుండ్లు చాలావరకు ప్లాస్టిక్ తొడుగుతోనే వస్తాయి. కొలరాడో రాష్ట్రమేమో, పాత తుపాకుల ప్రత్యేక గడువులో ఆ తొడుగునే నిషేధించింది. వేట పాతగానే ఉండాలన్నది దాని ఉద్దేశం. గద్దను కాపాడదలచిన వేటగాడికి అక్కడ నిబంధనే అడ్డు. సీసం కరిగించేవాడికి ఏ అడ్డూ లేదు.