పాతిపెట్టబట్టి బతికిన రాళ్ళు

స్టోన్‌హెంజ్ గురించి అందరూ చెబుతారు కదండీ, ఇవాళ నేను ఏవ్‌బరీ సంగతి చెబుతాను. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ ఉన్న విల్ట్‌షైర్‌లోనే, దానికి కాస్త ఉత్తరాన ఉందది. 1649లో వేటకొచ్చిన జాన్ ఆబ్రీ అనే పురాతన విషయాల పరిశోధకుడు దీన్ని చూసి నివ్వెరపోయాడు. అడ్డకొలత 330 మీటర్లు! ప్రపంచంలోకెల్లా పెద్ద రాతివలయం. చిత్రమేమిటంటే ఊళ్ళో కొంత భాగం దీని లోపలే ఉంది. ఇళ్ళు, రోడ్డు, పబ్బు, మేసే గొర్రెలు, అన్నీ రాళ్ళ మధ్యనే. దగ్గరికెళ్ళి రాయిని చేత్తో నిమరొచ్చు. అందుకే నాకు స్టోన్‌హెంజ్ కన్నా ఇదే ఇష్టం.

సుమారు 4,500 ఏళ్ళ కిందట, ఇనుమంటే ఎరగని మనుషులు జింకకొమ్ములతో సుద్దనేలను తొమ్మిది మీటర్ల లోతుకు తవ్వి కందకం చేశారు. దాని లోపలి అంచున నూరు దాకా రాళ్ళు నిలిపారు. కొన్ని 40 టన్నుల పైమాటే! వలయం నుంచి జంటరాళ్ళ బాట రెండున్నర కిలోమీటర్లు సాగుతుంది. దగ్గర్లోనే సిల్బరీ గుట్ట, 40 మీటర్ల ఎత్తు, మనుషులు పోసిందే. సమాధి ఉంటుందని తవ్వితే ఏమీ దొరకలేదు. సమాధి కావాలంటే ఆ పక్కన వెస్ట్ కెన్నెట్‌లో ఉంది, అది వలయం కన్నా పాతది.

అసలు కథ ఇప్పుడు వినండి. 14వ శతాబ్దంలో ఊరివాళ్ళు చాలా రాళ్ళను పడదోసి గోతుల్లో పాతేశారు. మార్మలేడ్ వ్యాపారపు డబ్బున్న అలెగ్జాండర్ కీలర్ 1938లో ఒకదాన్ని లేపితే కింద మనిషి ఎముకలు! పక్కన కత్తెర, ఆనాటి నాణేలు. రాయి మీదపడి చచ్చిపోయాడనుకున్నారు గానీ, చాలా ఏళ్ళ తర్వాత ఎముకలు మళ్ళీ పరీక్షిస్తే ఆ మాట నిలబడలేదు.

పాతడమే నయమండీ. తర్వాతి కాలంలో ఇళ్ళు కట్టుకోడానికి రాయి కావాల్సొచ్చింది. గోతిలో గడ్డి వేసి మంటపెట్టడం, రాయి బాగా కాగాక చన్నీళ్ళు పోయడం, సమ్మెటతో బాదడం. 1720ల్లో విలియం స్టూక్లీ అనే పురాతన విషయాల పరిశోధకుడు ఆ పని జరుగుతుండగానే బొమ్మలు గీసిపెట్టాడు. ఆ మంటల బొమ్మ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ ముక్కలు ఇవాళ్టికీ ఊరి గోడల్లో ఉన్నాయి.

కీలర్ పడమటి సగంలో రాళ్ళు లేపి నిలబెట్టాడు, పోయినవాటి చోట కాంక్రీటు దిమ్మెలు పెట్టించాడు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధమొచ్చి పని ఆగింది. 2003లో తూర్పు వైపు నేల తవ్వకుండా యంత్రాలతో వెతికితే, మట్టిలో కనీసం 15 రాళ్ళు పడుకుని ఉన్నట్టు తేలింది. నేనైతే లేపాలనే అంటాను. మంటను తప్పించుకున్న రాళ్ళు, ఎండ చూడొద్దూ!