ఇసుక మేటలో సైకిళ్ళు

సైకిల్ పందెం ఏటి దాకా పోయి రావాలనేసరికి ఊళ్ళో పెద్దవాళ్ళు మొహాలు ముడుచుకున్నారు. 2024 సెప్టెంబర్ 1 నాటి ఆకేరును ఎవరూ మరవలేదు. ఆ రోజు మా తిరుమలాయపాలెం మండలంలో రాకాసి తండాను వరద ముంచెత్తితే జనం ఇళ్ళపైకెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఎగువన మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర కారులో పోతున్న ఒక యువ వ్యవసాయ శాస్త్రవేత్త, ఆమె తండ్రి ఇదే ఏటిలో కొట్టుకుపోయారు. దిగువన ఆకేరును కలుపుకున్న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి జొరబడింది. నీళ్ళు తీశాయి గానీ ఒడ్డు చెలకల్లో ఇసుక మేటలు మిగిలిపోయాయి. నాలుగు నెలలు దాటినా, గొడ్లను తోలుకుపోయేవాళ్ళు తప్ప ఏటివైపు ఊరికే నడిచిన మనిషి లేడు.

యువజన సంఘం పిల్లలు మాత్రం పట్టు విడవలేదు. ఏటా సంక్రాంతికి ముగ్గులు, కబడ్డీ, బడి గ్రౌండులో స్లో సైకిల్ మామూలే. ఈసారి ఫోన్లలో కొండల మీద సైకిళ్ళు దూకించే వీడియోలు చూసి, అట్లాంటిది మన దగ్గరా పెట్టాలన్నారు. గుట్టలు వెతుక్కుంటూ భద్రాచలం అడవుల దాకా పోనక్కర్లేదు, ఏరు కోసిన ఒర్రెలు చాలవా అని వాళ్ళ వాదన. మాజీ సర్పంచి చివరికి ఒక్క మాట అడిగాడు: "నీళ్ళ కాడ ఎవరు నిలబడతర్రా?" నేను నిలబడతానన్నాను. ఇద్దరు ఈతగాళ్ళు నాతో వస్తామన్నారు. దాంతో 2025 జనవరి 15, కనుమ నాడు పందెం ఖాయమైంది.

దారి ఇది. బొడ్రాయి దగ్గర మొదలు. బండ్ల బాట వెంట పత్తి చెలకల మధ్యగా కాలువ కట్ట ఎక్కాలి. 2017 జనవరి 31న భక్త రామదాసు ఎత్తిపోతల మొదలై పాలేరు జలాశయం నీళ్ళు ఎక్కేదాకా ఈ మెట్ట అంతా వాన కోసం ఆకాశం చూసిన నేలే. కట్ట దిగితే మొరం దిన్నె, దాని మీంచి ఏటివైపు జారుడు. అక్కడినుంచి సన్నపాటి పాయ దాటి, ఒడ్డున తండావాళ్ళ చెలకలోని ఇసుక మేట మీదుగా తిరిగి ఊళ్ళోకి. మొత్తం 10 కిలోమీటర్ల పైమాటే.

ఆ చెలక గలాయన దగ్గరికి అనుమతి అడగడానికి నేనూ వెళ్ళాను. రెండెకరాల్లో ఎక్కడ చూసినా ఇసుకే. మొదట మా వంక చూడలేదు. ఆ తర్వాత గట్టు మీది తుమ్మ కంప పక్కకు లాగుతూ, "పంట ఎట్లాగూ లేదు, సైకిళ్ళయినా పోనీయండి" అన్నాడు. మా గుంపులో ఎవరికీ నోట మాట రాలేదు. మరునాటి పొద్దున్నే ఊరి నుంచి పదిమంది గడ్డపారలు, పారలు పట్టుకొచ్చి ఒర్రె గట్లు చదును చేశారు. సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు ఏరడం ఆడవాళ్ళు చూసుకున్నారు. నా లెక్కలో పందెం ఆ పొద్దునే మొదలైంది.

కనుమ నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చింది సైకిల్ మెకానిక్ బాబాయి. వేపచెట్టు కింద తాటాకు చాప పరిచి గాలి పంపు, సొల్యూషన్ డబ్బా, పాత ట్యూబు ముక్కలు, స్పానర్లు పేర్చుకున్నాడు. వచ్చిన బండ్లు రెండు రకాలు. వెడల్పు టైర్ల గేర్ సైకిళ్ళు ఖమ్మంలో చదివే పిల్లలవి. మిగతావి పాల క్యాన్లు, గడ్డి మోపులు మోసే పెద్ద సైకిళ్ళు. వాటికి 28 అంగుళాల సన్న చక్రాలు, ఇనుప రాడ్ల బ్రేకులు. ఇసుకలో దిగబడతాయని తెలిసి బాబాయి ఒక్కొక్కరినీ ఆపి చెప్పాడు: "ఏటి కాడ కొంచెం గాలి తియ్యి బిడ్డా, మళ్ళ మొరం మీద కొట్టుకో. తీసినంక రాళ్ళ మీద దూకించకు, రిమ్ము ట్యూబును కొరుకుతది." రోడ్డు దాటని పిల్లలకు ఆ మాట కొత్త.

నిజానికి ఈ ఆట పుట్టిందే పాత బరువు సైకిళ్ళ మీద. 1976 అక్టోబర్ 21న అమెరికాలో, కాలిఫోర్నియా మారిన్ కౌంటీ కొండదారిలో కొందరు మిత్రులు చెత్తకుప్పలకు చేరాల్సిన పాత సైకిళ్ళకు లావు టైర్లు వేసి కిందికి పందెం పెట్టుకున్నారు. వెనక చక్రం బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగై పోయేది. పందెం అయిన ప్రతిసారీ హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు పెట్టుకోవాల్సిందే. ఆ గుంపులోని జో బ్రీజ్ మరుసటేడే కొండదారుల కోసమని ఫ్రేము తయారుచేశాడు. ఇరవై ఏళ్ళకు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లోకి ఆ ఆట చేరింది. మా మెకానిక్ బాబాయికి ఇది చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "గ్రీజు లేకుంటే ఏ దేశంల తిరుగుద్ది చక్రం?" అన్నాడు.

మొదలు నేను చూడలేదు. అప్పటికే నీళ్ళ దగ్గర ఎర్రగుడ్డ పట్టుకుని ఉన్నాను. డప్పు చప్పుడు వినిపించింది. కాసేపటికి కట్ట మీద దుమ్ము లేచింది. మొరం దిన్నె మీంచి మొదటి సైకిలు దిగుతుంటే రాడ్ల బ్రేకు కీచుమని అరిచింది, కాలిన రబ్బరు వాసన నా దాకా వచ్చింది. తొక్కుతున్నది రోజూ పాలు పోసే అబ్బాయి. ఆపగానే రిమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి లాక్కున్నాడు. గేర్ సైకిళ్ళు వెంటనే అతణ్ణి దాటాయి. పాయలో నీళ్ళు మోకాళ్ళ కిందికే ఉన్నా అడుగున గుండ్రాళ్ళు పాకుడు పట్టి ఉన్నాయి. తొక్కాలని చూసినవాళ్ళు పడ్డారు. దిగి నడిచినవాళ్ళు దాటారు.

ఆడపిల్లలను పది నిమిషాలు ముందు వదలాలని ఎవరో అంటే తండా పిల్ల ఒకతి, తొమ్మిదో తరగతి, వద్దంది. అందరితోనే వదిలారు. అన్న సైకిలు తెచ్చుకుంది, సీటు దించినా కాళ్ళు సరిగా అందవు. పాయ దగ్గర ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సైకిలు భుజానికెత్తుకుని, రాళ్ళు ఎక్కడున్నాయో అరికాళ్ళకు తెలిసినట్టుగా నడిచిపోయింది. అది ఆమె రోజూ గొడ్లను దాటించే చోటు. అవతల గేర్ సైకిళ్ళ చైన్లలో ఇసుక పట్టి కరకరమంటున్నాయి, కొందరివి గేరే మారడం లేదు. ఆమె వంగి రెండు చక్రాల గాలి కాస్త తీసి మేట ఎక్కింది. ఒడ్డున వాళ్ళమ్మ లంబాడీలో కేకలు పెడుతూ పక్కనే పరుగెత్తింది. ఆ కేకలకు ఒడ్డు మీది జనమంతా, సెప్టెంబర్ నుంచి ఏటి మొహం చూడని ముసలివాళ్ళతో సహా, ఇసుకలోకి దిగారు. చెప్పులు చేత పట్టుకుని పరుగులు. నా ఎర్రగుడ్డను ఎవరూ పట్టించుకోలేదు. నేనూ దాన్ని మెడకు చుట్టుకుని పరుగెత్తాను. ఏటి ఒడ్డున అంతమంది గొంతులు ఒకేసారి వినడం నాకు పండగకన్నా ఎక్కువైంది.

ఆమె మూడోది వచ్చింది. మొదట వచ్చిన ఖమ్మం కాలేజీ కుర్రాడు ఆమెను వెతుక్కుంటూ వచ్చి, గాలి తీయడం ఎవరు నేర్పారని అడిగాడు. మెకానిక్ బాబాయి వైపు వేలు చూపించింది. పాలబ్బాయి చాలా వెనక, రెండు పంక్చర్లతో వచ్చాడు. చివరి కిలోమీటరు నడిపించుకుంటూ వచ్చినా గీత దగ్గర ఎక్కి తొక్కి మరీ దాటాడు. బహుమతులుగా స్టీలు బిందెలు, టార్చిలైట్లు ఇచ్చారు. మిగిలిన చందాతో నిలబడి కొట్టే గాలి పంపు ఒకటి కొని పంచాయతీ ఆఫీసు వరండాలో పెట్టాలని అక్కడికక్కడే తేల్చారు. దానికి గొలుసు వేయాలా వద్దా అన్న దాని మీదే చాలాసేపు వాదన నడిచింది.

చీకటి పడే వేళకు చెలక గలాయన వచ్చాడు. మేట మీద టైర్ల గాళ్ళు, జనం పాదాలు కలిసి దున్నినట్టుంది. పందెం చూడ్డానికి వచ్చిన ముగ్గురు రైతులు అందులో కర్ర గుచ్చి లోతు చూశారట, ఒకచోట నడుము దాకా, మిగతా చాలా చోట్ల మోకాలి దాకానే ఉందని తేల్చారట. ట్రాక్టర్లు తాము తెస్తామని, డీజిల్ మాత్రం అతణ్ణి పోయించుకొమ్మని చెప్పారట. ఇదంతా చెప్పి, సంఘం పిల్లల వైపు తిరిగి అన్నాడు:

"వచ్చే ఏడు నా చెలకల పత్తి ఉంటది. మీ సైకిళ్ళకు వేరే తొవ్వ చూసుకోండ్రి."