నంది కొండ కింద రెండు ద్రాక్షలు

యాభై ఏడో ఏట ఈయనకిదేం బుద్ధి అని నవ్వుకునే పాఠకులకు ముందుగా ఒక మనవి. నేను వైన్ రుచి చూసింది సరదాకు కాదు. మా అన్నయ్య రెండెకరాల తోట కోసం.

మాది చిక్కబళ్ళాపురం దగ్గర పల్లె. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. తాతల కాలం నుంచీ అంతే. మా నాన్నగారు వేసిన తోటలో కాసేది బెంగళూరు నీలి ద్రాక్ష. గుండ్రటి నల్లటి కాయ, తొక్క నొక్కితే జారిపోయే గుజ్జు, పులుపు కలిసిన తీపి, గది అంతా నిండే వాసన. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏడాదికి రెండు పంటలు. కానీ అందరి సరుకూ ఒకేసారి మార్కెట్టుకు దిగిన ఏడు కోత కూలి కూడా గిట్టదు.

మొన్న సంక్రాంతికి అన్నయ్య అడిగాడు: "తమ్ముడూ, ఈ తీగలు పీకేసి వైన్ ద్రాక్ష వేద్దామా? కేబర్నే వెయ్యమని ఒకరు, షిరాజ్ వెయ్యమని ఒకరు. ఇన్నేళ్ళు బ్యాంకులో అప్పులిచ్చినావు గదా, నువ్వు చెప్పు."

బి.కాం. చదివినవాణ్ణి. ప్రాజెక్టు రిపోర్టులో అంకెలు కూడగలను గాని, కాయ సంగతి నాకేం తెలుసు? అందుకే ఫిబ్రవరిలో ఒక ఆదివారం అన్నయ్యను, మా అల్లుణ్ణి వెంటబెట్టుకుని దొడ్డబళ్ళాపురం వైపు బయలుదేరాను.

బెంగళూరు దాటి గంటన్నర ప్రయాణం. ఎదురుగా నంది కొండ, దాని కింద వరుసలు వరుసలుగా ద్రాక్ష. ఇక్కడ నేల సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంటుంది. పగలు ఎండ కాసినా రాత్రికి చల్లబడుతుంది. ఆ చల్లదనమే కాయలో పులుపును నిలబెడుతుందట. కన్వల్ గ్రోవర్ గారు 1988లో ఫ్రెంచి రకాలతో వైన్ పరిశ్రమ మొదలుపెట్టింది ఈ ప్రాంతంలోనే. ఫ్రాన్సు నుంచి మిషెల్ రోలాన్ అనే నిపుణుడు 1990లలో వచ్చి సలహాలిచ్చారు. 2007లో కర్ణాటక ప్రభుత్వం వైన్ విధానం ప్రకటించాక చిన్న రైతులకూ ఆశ పుట్టింది.

మేము వెళ్ళినప్పుడు కోతలు సాగుతున్నాయి. తోట చూపించిన కుర్రవాడు ముందు రెండు గుత్తులు చేతిలో పెట్టాడు. కేబర్నే సావిన్యాన్ గింజ చిన్నది, ఇంచుమించు బఠాణీ గింజంత. తొక్క మందం, విత్తనం పెద్దది, రసం తక్కువ. ఆలస్యంగా పండుతుంది. షిరాజ్ గుత్తి కాస్త పొడుగు, కాయ కోలగా ఉంటుంది, ముందుగా కోతకు వస్తుంది. అన్నయ్య రెండూ నమిలి, "తీపి మన నీలి ద్రాక్షకన్నా ఎక్కువే. కానీ దీన్ని తినేదానికి ఎవడు కొంటాడప్పా, అంతా తొక్క, విత్తనమే!" అన్నాడు. ఆ మాట నా మనసులో నిలిచిపోయింది.

నిజానికి వైన్‌కు కావలసింది ఆ తొక్కే. నల్ల ద్రాక్షయినా పిండితే వచ్చేది తెల్లటి రసమే. తొక్కలతో కలిపి పులియబెడితేనే ఎరుపూ, వగరూ దిగుతాయి.

తరువాత రుచి చూసే గది. అక్కడ ఒక సదుపాయం ఉంది. నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న పాత్రలో ఉమ్మివేయవచ్చు. నిపుణులు చేసేదీ అదేనట. నాన్నగారికిచ్చిన మాట చెడకుండా పని జరిగిపోయింది.

మొదట కేబర్నే. నేరేడు పండు తిన్నాక నాలుక బిగుసుకుంటుందే, అలాంటి వగరు. అడుగున పచ్చి క్యాప్సికం వాసన. కాయ సరిగ్గా పండకపోతే ఆ పచ్చివాసన ఎక్కువవుతుందని, ఎండ బాగా తగిలితే తగ్గుతుందని కుర్రవాడు చెప్పాడు. ముభావంగా ఉండే పెద్దమనిషిలాంటి రుచి. కొయ్య పీపాలో, ఆపైన సీసాలో కొన్నాళ్ళుంటే మెత్తబడుతుంది. మా భాషలో చెప్పాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్.

రెండవది షిరాజ్. ఇది గడపలోనే పలకరించే బంధువు. నోటికి నిండుగా, పండిన ఆలుబుఖరాలా మెత్తగా ఉండి, చివర మిరియాల ఘాటు తగిలింది. "ఇందులో మిరియాలు వేశారా?" అని అడిగాను. అందరూ నవ్వారు. మిరియాలకు ఆ వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ తొక్కలోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారట. మిరియాల చారు తాగి పెరిగిన నాలుక కదా, నాది పొరబడలేదు!

ఇరాన్‌లోని షిరాజ్ నగరానికీ ఈ ద్రాక్షకూ చుట్టరికం లేదు. దీని పుట్టిల్లు ఫ్రాన్సులోని రోన్ లోయ. అక్కడ దీన్ని సిరా అంటారు. కేబర్నేది అదే దేశంలో బోర్దో ప్రాంతం. దాని తల్లిదండ్రుల్లో ఒకటి సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష అని 1997లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. చివరగా రెండూ కలిపిన వైన్ ఇచ్చారు. ఒకదాని బిగువు, రెండవదాని నిండుదనం కలిసి, విడివిడిగా కన్నా అదే నాకు బాగుందనిపించింది.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య, "ఏది వేద్దాం?" అన్నాడు. అల్లుడు షిరాజ్ అన్నాడు. నేను కాగితం తీసి లెక్క వేశాను. వైన్ ద్రాక్ష నాటాక రెండు మూడేళ్ళు ఆదాయం ఉండదు. ఏటా రెండుసార్లు కత్తిరించినా కోత ఒక్కటే. అన్నిటికీ మించి, ఒప్పందం రాసుకున్న కంపెనీ ఒక ఏడు వద్దంటే ఆ కాయను బజారులో అడిగేవాడుండడు. నీలి ద్రాక్ష అలా కాదు. పండుగా అమ్మవచ్చు, రసానికి పోతుంది, తియ్యటి వైన్ చేసేవారూ కొంటారు. ధర తక్కువైనా వాకిళ్ళు మూడున్నాయి.

"తోటంతా పీకవద్దన్నయ్యా," అన్నాను. "అరెకరం షిరాజ్ వేద్దాం. కొనేవాళ్ళు ధరతో సహా కాగితం మీద రాసిచ్చాకే."

అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాన్న వేసిన బావి పక్క వరుసలు మాత్రం ముట్టుకోను," అన్నాడు. ఆ వరుసలకు నా లెక్కలో ఏ పద్దూ లేదు. ఉండాలని కూడా నాకనిపించలేదు.

ఇంటికి వచ్చాక మా శ్రీమతి మూతి వాసన చూసి, "తాగారా?" అంది. "ఉమ్మేశాను," అన్నాను. "అయితే జమా, ఖర్చూ సరిపోయాయన్నమాట," అని మిరియాల చారు వడ్డించింది. మొదటి గుక్కలోనే షిరాజ్ గుర్తుకొచ్చింది.