సలాం అందింది, బోలీ కలవలేదు

ఇద్దరి మధ్య మాటలు ఆగిపోతే చూసేవాళ్లు తలా ఒక ఇల్జామ్ వేస్తారు. కంప్యూటర్ల విషయంలోనూ అంతే. ఫైల్ షేరింగ్ ఆగితే ఒకరు వైఫై అంటారు, ఒకరు వైరస్ అంటారు. గవాహీ మాత్రం ఎవరూ అడగరు.

అబ్బా ఉర్దూలో రాసుకున్న మజ్మూన్లు, దాదీమా చెప్పిన కిస్సాలు అన్నీ విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్లో ఉన్నాయి. నా విండోస్ 10 ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుందామంటే షేర్ ఫోల్డర్ తెరుచుకోదు. పింగ్ చేస్తే జవాబు వస్తోంది.

ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ పెట్టాను. 1998లో ఎథీరియల్ పేరుతో వచ్చి, 2006లో పేరు మార్చుకున్న ముఫ్త్ సాఫ్ట్‌వేర్ ఇది. వచ్చేపోయే ప్రతి ప్యాకెట్‌నీ టైముతో సహా రాసిపెడుతుంది. ఫైల్ షేరింగ్ నడిచే దర్వాజా టీసీపీ పోర్ట్ 445. దాన్ని మాత్రమే చూపించమని ఫిల్టర్ ఇచ్చాను.

మొదటి మూడు ప్యాకెట్లూ మన సలాం లాంటివే. ల్యాప్‌టాప్ ‘సిన్’ పంపింది, పాతది ‘సిన్-ఆక్’ అని జవాబిచ్చింది, ల్యాప్‌టాప్ ‘ఆక్’ అంది. అంటే లైను బాగుంది, ఫైర్‌వాల్ అడ్డం లేదు. జవాబే రాకపోతే అదే ‘సిన్’ మళ్లీ మళ్లీ వెళ్తూ కనిపించేది. తర్వాత ల్యాప్‌టాప్ తనకొచ్చిన భాషల జాబితా పంపింది: ఎస్ఎంబీ 2, ఎస్ఎంబీ 3. ఎక్స్‌పీకి వచ్చింది ఎస్ఎంబీ 1 ఒక్కటే. కనెక్షన్ తెంచేసింది. ప్యాకెట్లో ఆ జాబితాకి ఉన్న పేరు ‘డయలెక్ట్’. అంటే బోలీ.

స్కూల్లో ఉర్దూ, డిగ్రీలో తెలుగు చదివిన నేను ఆ లఫ్జ్ దగ్గర కాసేపు ఆగిపోయాను. ఇద్దరికీ దుష్మనీ ఏమీ లేదు. సలాం కూడా అయింది. మా ఇంట్లోనూ ఇదే హాల్. అబ్బా రాసింది ఆయన మనవలు చదవలేరు.

ల్యాప్‌టాప్‌లో ఎస్ఎంబీ 1ని మళ్లీ ఆన్ చేయొచ్చు. కానీ 2017 మే నెలలో వాన్నాక్రై దాంట్లోని లోపం పట్టుకునే దేశదేశాలకీ పాకింది. అందుకే పాత కంప్యూటర్‌ని నెట్ నుంచి తప్పించి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ఇంకో మాట: ఎన్‌క్రిప్షన్ లేని చోట ఫైలు లోపలి సంగతులు కూడా ప్యాకెట్లలో కనిపిస్తాయి. ఇజాజత్ లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లో ఈ పని చేస్తే పరాయివాళ్ల ఖత్ విప్పినట్టే.

ఫైళ్లయితే భద్రంగా చేరాయి. ఇక పిల్లలకి అలిఫ్, బే దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.