రాత్రిపూట తలుపులు తెరిచే మొక్క

పిల్లలూ, మీరు హైదరాబాదు వెళ్ళినప్పుడు అమీర్‌పేటలో మెట్రో రైలు దిగండి. స్టేషను మెట్లు దిగితే ఎటు చూసినా మనుషులే! కంప్యూటరు పాఠాలు చెప్పే చోట్ల బోర్డులు, హాస్టళ్ళు, టిఫిన్ బళ్ళు. ఊళ్ళనుంచి వచ్చిన అన్నయ్యలూ, అక్కయ్యలూ ఎంతోమంది ఇక్కడి గదుల్లో ఉండి చదువుకుంటారు. ఆ గదుల కిటికీల వంక చూస్తూ పంజాగుట్ట వైపు నడవండి. ఎక్కడో ఒకచోట చిన్న కుండీలో ముళ్ళమొక్క కనిపిస్తుంది. అది కాక్టస్. మన చేలగట్ల మీది నాగజెముడు కూడా ఆ కుటుంబానిదే. వీటి పుట్టిల్లు అమెరికా ఖండాలు.

"ఎండలో, నీళ్ళు లేకుండా బతికే మొక్కకు అమీర్‌పేటలో ఏం కష్టం?" అని మీరు అడగవచ్చు. కష్టం ఉన్నది. అది తెలియాలంటే ముందు కాక్టస్ వంట సంగతి తెలియాలి.

వేప, మామిడి వంటి చెట్ల ఆకులకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. అవి పగలు తెరుచుకుంటాయి. వాటిగుండా బొగ్గుపులుసు వాయువు లోపలికి పోతుంది. ఆకులోని పత్రహరితం ఎండ సాయంతో ఆ వాయువునూ నీటినీ కలిపి చక్కెర తయారు చేస్తుంది. దీన్నే కిరణజన్య సంయోగక్రియ అంటారు. అయితే తలుపు తెరిచినప్పుడల్లా లోపలి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. ఎడారిలో పట్టపగలు తలుపు తెరిస్తే ఇంకేమైనా ఉందా? అందుకని కాక్టస్ పగలు తలుపులు బిగించుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. మరి రాత్రి ఎండ ఉండదు గదా, వంట ఎలా? వచ్చిన వాయువును అది పులుసుగా మార్చి దాచుకుంటుంది. ఆ పులుసు పేరు మాలిక్ ఆమ్లం. పచ్చి ఆపిల్ కాయ పుల్లగా ఉండేది కూడా దీనివల్లనే. తెల్లవారాక ఆ పులుసునుంచి వాయువును తిరిగి విడదీసి, ఎండతో చక్కెర చేసుకుంటుంది. ఆకులు ముళ్ళుగా మారిపోయాయి గనక ఈ పనంతా పచ్చని కాండానిదే. రాత్రి దాచినదానికి మించి పగలు వండలేదు. కాక్టస్ నెమ్మదిగా పెరగటానికి ఇదొక కారణం.

ఈ పులుపును గురించి రాసిన తొలివారిలో ఒకాయన మన తెలుగుదేశంలో పనిచేసినవాడే. బెంజమిన్ హైనే కొంతకాలం సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి మొక్కల తోటను చూసేవాడు. ఆయన రణపాల ఆకు నమిలి చూశాడు. అది పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రానికి కొద్దిగా చేదుగా ఉన్నది! ఈ సంగతి లండనులో 1815లో అచ్చయింది. రణపాల వంట కూడా కాక్టస్ వంటలాంటిదే. (మీరు మాత్రం నమలకండి. అందులో గుండెకు హాని చేసే పదార్థాలున్నాయి.)

ఇక అమీర్‌పేట కిటికీ దగ్గరికి వద్దాం. చాలా కాక్టస్ జాతులకు 15 డిగ్రీల దగ్గరి చల్లని రాత్రి బాగా నప్పుతుంది. డిసెంబరులో ఇక్కడి రాత్రులు దాదాపు అలాగే ఉంటాయి. మే నెలలోనో, రాత్రి కూడా 26 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పైగా పగలంతా కాగిన సిమెంటు గోడలు రాత్రి ఆ వేడిని వదులుతాయి. వేసవిలో పొద్దుపోయాక పంజాగుట్టలో ఏదైనా గోడమీద చెయ్యి పెట్టండి, తెలుస్తుంది. అలాంటి గోడ పక్కన కాక్టస్ లోపలికి తీసుకునే వాయువు తగ్గిపోతుంది.

వెలుతురు మరో చిక్కు. మేడకూ మేడకూ నడుమ ఉన్న కిటికీకి ఎండ రాదు. అక్కడ మొక్క పైకి సాగుతుంది. "అబ్బ, ఎంత పెరిగిందో!" అని అక్కయ్య సంతోషిస్తుంది. బాగా చూడండి: కింద లావు, పైన సన్నం, పాలిపోయిన రంగు. వెలుతురు చాలక మెడ సాచిందన్నమాట! పాపం, దాహమేస్తోందేమోనని రోజూ నీళ్ళు పోసేవారూ ఉన్నారు. నీడలో ఆ నీరు మొక్కకు ఖర్చు కాదు. వేళ్ళు కుళ్ళి, ఒకనాడు మొక్క మొదలంటా వాలిపోతుంది. ఎండకన్న గ్లాసెడు నీళ్ళే ఎక్కువ కాక్టస్‌లను చంపాయని నా అనుమానం.

మెడ సాచిన మొక్క మీ ఇంట ఉంటే ఒక్కసారే మండుటెండలో పెట్టకండి, మాడిపోతుంది. వారం, పది రోజులు ఉదయపు ఎండ చూపించి, ఆ తరువాత మేడమీదికి చేర్చండి. మట్టిలో ఇసుక బాగా కలపండి. మట్టి పూర్తిగా ఆరాకనే నీళ్ళు పోయండి. సన్నబడిన భాగం మళ్ళీ మామూలు కాదు గాని, కొత్తగా వచ్చేది లావుగా వస్తుంది.

హైనే నమిలి తెలుసుకున్నదాన్ని మీరు నమలకుండానే చూడవచ్చు. బడిలో సైన్సు మాస్టారిని పి.హెచ్. కాగితం అడగండి. రణపాల ఆకు తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి తుంచి, రసాన్ని కాగితంమీద అద్దండి. రెండు రంగులనూ పక్కపక్కన పెట్టి చూడండి. డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి చేశారంటే మరీ బాగుంటుంది.