అదనపు ట్యాంకు, ఆరవనాటి మన్నా



హైదరాబాదు నుండి వరంగల్లు వచ్చే పెద్ద రోడ్డు మీద, కాజీపేటకు కొంచెం ముందు మా మడికొండ వస్తుంది. రాళ్ళను ఒకదానిమీద ఒకటి పేర్చి నిలబెట్టినట్లుండే మెట్టుగుట్ట దూరం నుండే కనబడుతుంది. ప్రజాకవి కాళోజీ నారాయణరావు గారు పెరిగిన ఊరు ఇది. ఒకప్పుడు పొలాల మధ్య పల్లె. ఇప్పుడు వరంగల్లు నగరపాలక సంస్థలో కలిసిపోయింది. 2020 జనవరిలో ఇక్కడ కంప్యూటర్ కంపెనీల భవనాలు కూడా తెరిచారు.

ఈ ఊరికి ప్రయాణం కొత్త కాదు. ప్రక్కనే కాజీపేట జంక్షన్. ఢిల్లీ వైపు, సికింద్రాబాదు వైపు, విజయవాడ వైపు పోయే పట్టాలు అక్కడ కలుస్తాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇంజను తన బొగ్గును, తన నీళ్ళను తానే వెంట మోసుకొని పోయేది. అయితే ఢిల్లీ దాకా సరిపోయేంత మోసేది కాదు. దారిలో మళ్ళీ నీళ్ళు పట్టుకొనే స్టేషను వరకు చాలినంతే. ఈ సంగతి మనస్సులో ఉంచుకొనండి.

మా సంఘములోని ఒక యౌవనస్థునికి మోటారు సైకిలు మీద లడఖ్‌లోని లేహ్ పట్టణం వరకు పోవాలని కోరిక. మడికొండ నుండి సుమారు 2500 కిలోమీటర్ల దూరం. "అయ్యగారూ, సీటు వెనుక పది లీటర్ల ట్యాంకు వెల్డింగ్ చేయిస్తే ఎక్కడా ఆగే పని లేదు" అన్నాడు. అతని తల్లి మాత్రం, "మీరన్నా చెప్పండి అయ్యగారూ, నిప్పు వెనుక పెట్టుకొని పోతానంటున్నడు" అని కన్నీళ్ళు పెట్టుకొన్నది. పల్లె సంఘాలకు బండి మీదనే తిరిగేవాడిని గనుక నాకు ఈ సంగతి కొంత తెలుసు. ముగ్గురమూ మెకానిక్ షెడ్డుకు వెళ్ళి కూర్చున్నాము.

ముందుగా ఒక మాట. పాత బండ్లలో 'రిజర్వు' అంటే వేరే ట్యాంకు అని చాలామంది అనుకొంటారు. అది వేరే ట్యాంకు కాదు. ట్యాంకు లోపల కుళాయికి ఒక పొడుగు గొట్టము, ఒక పొట్టి దారి ఉంటాయి. పెట్రోలు పొడుగు గొట్టము కన్నా క్రిందికి దిగితే బండి ఆగుతుంది. రిజర్వుకు త్రిప్పితే అడుగున మిగిలినది వస్తుంది. ఉన్నదానిలోనే కొంత ఆపి ఉంచుట, అంతే. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లకు ఈ కుళాయి లేదు. లైటు వెలిగి హెచ్చరిస్తుంది. వీటిలో పంపు ట్యాంకు లోపలే పెట్రోలులో మునిగి ఉంటుంది. పెట్రోలే దానిని చల్లబరుస్తుంది. అందుచేత ట్యాంకు ఎండేదాకా నడిపితే పంపుకు చేటు.

అదనపు పెట్రోలు కొనిపోవుటకు మెకానిక్ సోదరుడు మూడు విధాలు చెప్పాడు. మొదటిది, డబ్బాలో పెట్టుకొని ఆగినచోట చేతితో పోసుకొనుట. రెండవది, అసలు ట్యాంకు కన్నా ఎత్తులో మరొక ట్యాంకు బిగించి, గొట్టము ద్వారా దానంతట అదే క్రిందికి దిగేలా చేయుట. మూడవది, వెనుక తక్కువ ఎత్తులో ట్యాంకు బిగించి, చిన్న పంపుతో ముందుకు తోడుట. బిగించే ట్యాంకు ఏదైనా దానికి గాలి లోపలికి వచ్చే దారి ఉండవలెను. గాలి రాకపోతే నిండు ట్యాంకు నుండి కూడా చుక్క దిగదు. గొట్టము పెట్రోలుకు తట్టుకొనే రకము కావలెను. బిగింపులు గట్టిగా ఉండవలెను. ట్యాంకు దగ్గరనే ఆపుకొనే కుళాయి ఉండవలెను. లోపల అడ్డుపలకలు లేకపోతే మలుపులలో పెట్రోలు ఇటు అటు ఊగి బండిని లాగుతుంది. పది లీటర్ల పెట్రోలు ఏడున్నర కిలోల బరువు. అది వెనుక చక్రానికి ఆవల పడితే ముందు చక్రం తేలికై బండి అదుపు తప్పవచ్చును.

చట్టము సంగతి కూడా ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చేసిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. బండికి వెల్డింగ్ చేసిన ట్యాంకు ఈ చిక్కులో పడవచ్చు. రేపు ప్రమాదం జరిగితే బీమా వారూ దానినే వేలెత్తి చూపవచ్చు.

ఇక దారి లెక్క చూశాము. మనాలి దాటి లేహ్ వైపు పోతుంటే తాండీ అనే చోట పెట్రోలు బంకు వస్తుంది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని అక్కడ పెట్టిన పలక మోటారు సైకిలు ప్రయాణికులందరికీ తెలిసినదే. మా వానిది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 15 లీటర్ల ట్యాంకు. కొండలు, బురద, చిన్న గేర్లు కలిపి లీటరుకు 25 కిలోమీటర్లే ఇచ్చినా 375 వస్తుంది. అంటే సరిగ్గా అంచున. అయిదు లీటర్లు తోడుంటే ఇంకొక 125 కిలోమీటర్లు. అది చాలు. మిగిలిన రెండువేల కిలోమీటర్లలో బంకులు వస్తూనే ఉంటాయి. అక్కడ అదనపు పెట్రోలు బరువు, అపాయము తప్ప మరేమీ కాదు.

దూర ప్రయాణాల మోటారు సైకిలు వారికి అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని ఒక సంఘము ఉన్నది. 24 గంటలలో వెయ్యి మైళ్ళు, అనగా 1609 కిలోమీటర్లు నడిపినవారికి వారు ధ్రువపత్రం ఇస్తారు. అంత దూరాలు పోయేవారు కూడా తమ పోటీలలో మొత్తము పెట్రోలు 11.5 అమెరికా గ్యాలన్లు, సుమారు 43 లీటర్లు, మించకూడదని హద్దు పెట్టుకొన్నారు. ఎక్కువ దూరం పోవాలనే ఆశ గలవారికే హద్దు ఎక్కువ అవసరం కాబోలు.

షెడ్డులో కూర్చుండగా నాకు నిర్గమకాండము 16వ అధ్యాయము జ్ఞాపకము వచ్చినది. అరణ్యములో ఇశ్రాయేలీయులకు ప్రభువు దినదినము మన్నా కురిపించెను. తలకు ఒక ఓమెరు. భయపడి రేపటికని దాచినవారి మన్నా పురుగుపట్టి కంపుకొట్టెను. అయితే ఆరవ దినమున మాత్రము రెండు ఓమెరులు కూర్చుకొనుమని ఆజ్ఞ. అది మరునాటికి చెడలేదు. ఎందుకని? ఏడవ దినమున నేలమీద మన్నా ఉండదు గనుక. అదే మన్నా, అదే పాత్ర. ఒకనాడు దాచుట అవిశ్వాసము, మరొకనాడు దాచుట విధేయత. భేదమంతా ముందున్న దారిలో ఉన్నది. అదనము ఎంత అనేది మన భయమును బట్టి కాదు, దారిలోని ఎడమును బట్టి కొలుచుకొనవలెను.

మత్తయి 25లోని కన్యకలను కూడా చూడండి. పదిమందికీ దివిటీలు ఉన్నవి. పదిమందీ కునికి నిద్రించిరి. బుద్ధిగలవారి దగ్గర సిద్దెలలో నూనె అదనంగా ఉన్నది, అంతే తేడా. పెండ్లికుమారుడు ఆలస్యము చేయవచ్చునని వారు దారి లెక్క చూచుకొనిరి. నడిరాత్రి ఆ నూనె అరువు దొరకదు. వాక్యము, ప్రార్థన ఎవరికి వారే నింపుకొనవలసిన సిద్దె.

మన ఇండ్లలోనూ ఇదే లెక్క. పంటకు పంటకు మధ్య వచ్చే నెలలకు గింజలు దాచుట, కాన్పుకు, పిల్లల ఫీజులకు నాలుగు రూపాయలు ప్రక్కన పెట్టుట ఆరవనాటి మన్నా. పొరుగువాడు కొన్నాడని అప్పు చేసి కొని ఇల్లు నింపుట పురుగుపట్టే మన్నా.

ఇంకొక మాట, తల్లిదండ్రులకు ప్రత్యేకముగా. మన పల్లెలలో పెట్రోలును నీళ్ళ సీసాలలో తెచ్చి పొయ్యి ఉన్న గదిలోనే పెట్టేవారు ఉన్నారు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. కంటికి కనబడకుండా నేలమీద ప్రాకి నిప్పును వెదకుకొంటుంది. చిన్నపిల్లలు నీళ్ళనుకొని త్రాగే అపాయమూ ఉన్నది. తప్పనిసరిగా తేవలసివస్తే పెట్రోలు కోసమే చేసిన గట్టి డబ్బాలో తెండి. బండి మీద ఉంచి కాక, నేలమీద పెట్టి నింపండి. ఎండకు పెట్రోలు పొంగుతుంది గనుక పైన కొంత ఖాళీ వదలండి. ఇంటి బయట, నీడలో, పిల్లలకు అందని చోట పెట్టండి. సైనికులు వాడిన జెర్రీ డబ్బాను 1930లలో జర్మనీ వారు 20 లీటర్లకు తయారుచేసినప్పుడు కూడా పైభాగమున గాలికి చోటు విడిచారు.

చివరకు మా యౌవనస్థుడు వెల్డింగ్ మానుకొన్నాడు. పెట్రోలు పోసుకొనే అయిదు లీటర్ల డబ్బా ఒకటి కొన్నాడు. తాండీ వరకు దానిని ఖాళీగానే తీసుకొనిపోతానని తల్లి చేతిలో చేయి వేసి మాట ఇచ్చాడు. ఆమె ముఖము తేటపడింది.

ప్రియులారా, మీ ముందున్న దారిలో బంకు లేని ఎడము ఎక్కడ ఉన్నదో ఈ నెల కుటుంబ ప్రార్థనలో కలిసి కూర్చొని లెక్క చూచుకొనండి. దానికి చాలినంత సిద్ధపరచుకొనండి. మిగిలిన దినములకు దినాహారము ఇచ్చు తండ్రిని నమ్ముకొనండి. అట్టి జ్ఞానమును, అట్టి విశ్వాసమును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.