కళ్లు మూసుకున్న ఫోటో

ఇప్పుడు చెరువులో బాప్తిస్మం ఇస్తుంటే గట్టుమీద పది సెల్‌ఫోన్లు లేస్తాయి. తీసిన వెంటనే చూసుకుంటాం, బాగాలేనిది తుడిచేస్తాం. ఈ సౌకర్యాన్ని నేను తప్పుపట్టను. దూరాన కూలికి వెళ్లిన పిల్లలు ఆ పూటే తల్లి బాప్తిస్మం చూడగలుగుతున్నారు.

రీలు కెమెరాలో 36 ఫోటోలే. వెలుగు తగిలితే పాడవుతుంది గనుక రీలు చీకటిలోనే కడగాలి. స్టూడియోవాళ్లు కడిగి ఇచ్చేదాకా ఎవరు ఎలా పడ్డారో తెలియదు. ఎలా పడినా ఆ ఫోటో ఉండేది.

మా సంఘంలో ఒక అవ్వ నీళ్లలోనుంచి లేస్తుండగా తీసిన ఫోటోలో కళ్లు మూసుకుని ఉంది, జుట్టంతా ముఖానికి అతుక్కుని. ఇప్పుడైతే అక్కడే తుడిచేసేవారు. ఆమె ప్రభువునందు నిద్రించిన రోజు ఇల్లంతా వెదికితే దొరికింది అదొక్కటే. కొడుకు నెగిటివ్ పట్టుకెళ్లి పెద్దది చేయించాడు. "అవ్వ ప్రార్థన చేసుకుంటోంది" అంది మనవరాలు.

మనిషి రూపం ఏర్పడకముందే దేవుడు చూశాడని చెప్పే 139వ కీర్తన చదివినప్పుడల్లా నాకు ఆ ముఖమే గుర్తొస్తుంది. ఆయన చూసింది మనం బాగా పడిన వేళల్లో మాత్రమే కాదు గదా!

యౌవనస్తులారా, వచ్చే ఆదివారం బాప్తిస్మాలున్నాయి. తీసినవాటిలో ఏదీ తుడిచేయకుండా నాకు తెచ్చివ్వండి. టౌనుకు వెళ్లినప్పుడు ప్రింట్లు వేయిస్తాను.